వాన వెలిసేదాకా ఆగుదామా?

పిల్లలూ! మీలో కొందరు తెల్లవారుజామునే లేచి పరుగు సాధన చేస్తారని నాకు తెలుసు. బడి పందేల కోసం కొందరు, పెద్దయ్యాక పోలీసుల్లోనో పట్టాళంలోనో చేరాలని కొందరు, ఊరికే సరదాకు కొందరు. చలికాలంలో అందరూ సరిగ్గానే చేస్తారు. చిక్కంతా వానాకాలంతోనే వస్తుంది.

అది ఎట్లా వస్తుందో చూడండి. అయిదు గంటలకు మెలకువ వచ్చింది. కళ్ళు తెరవకముందే చెవులు చూరునీళ్ళ చప్పుడు పట్టుకున్నాయి. సన్నగా, ఒకే తీరున, ఆగకుండా పడుతున్నది. ముసురు! వెంటనే మనసులో ఒక ప్లీడరు లేచి నిలబడతాడు. "బాటంతా బురదగా వుంటుంది" అంటాడు. "ఒళ్ళంతా తడుస్తుంది. జలుబు చేస్తుంది. అమ్మ కోప్పడుతుంది. బూట్లు ఆరవు. అయినా ఇవాళే వెళ్ళాలా? వాన వెలిశాక వెళ్ళరాదూ?" ఈ ప్లీడరు చెప్పినవాటిలో పచ్చి అబద్ధమంటూ ఒక్కటీ లేదు. అందుకే అతనితో వాదించి గెలవడం కష్టం. దుప్పటి మళ్ళీ మొహం మీదికి వస్తుంది.

ఇవాళ ఆ ప్లీడరు మాటలను కొంచెం నిదానంగా విచారిద్దాం. వాటిలో బరువున్నది ఏది, ఉత్త సాకు ఏది అన్నది తేలాలి. ఎందుకంటే కొన్ని వానలకు నిజంగానే ఇల్లు కదలకూడదు. ఆ సంగతి తెలియనివాడు ధైర్యవంతుడు కాడు, తెలివితక్కువవాడు.

ముందు "వాన వెలిశాక" అన్న మాట తీసుకుందాం. నేను వుండేది యానాంలో. పటం తీసి చూడండి. గోదావరి డెల్టా అంచున, గౌతమీ పాయ ఒడ్డున వుంటుంది మా ఊరు. చుట్టూ ఆంధ్రప్రదేశ్ వున్నా మా ఊరి పాలన పుదుచ్చేరిది. 1954 దాకా ఇక్కడ ఫ్రెంచివారి ఏలుబడి వుండడమే అందుకు కారణం. ఊరి దగ్గరే గౌతమి నుంచి కోరంగి పాయ చీలుతుంది. ఇంకా ముందుకు పోతే మడ అడవులు, ఆపైన సముద్రం. ఇట్లాంటి చోట వాన ఎప్పుడు వెలుస్తుంది? జూన్ రెండో వారంలో, మృగశిర కార్తెలో, నైరుతి ఋతుపవనం వస్తుంది. అది పూర్తిగా పోకముందే అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం తయారవుతుంది. చిత్త, స్వాతి కార్తెలంటే మాకు తుఫాను రోజులు. నవంబరు సగం గడిస్తేగాని గట్టిగా ఊపిరి పీల్చుకోలేము.

ఇప్పుడు లెక్క వెయ్యండి. జూన్ నుంచి నవంబరు సగం దాకా అయిదున్నర నెలలు వానకు పోయాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంది గనక పొద్దెక్కితే పరుగు లేదు. వానకూ ఎండకూ భయపడేవాడికి మిగిలింది నాలుగున్నర నెలలు. పైగా పరుగు సాధన డబ్బు దాచినట్టు కాదు, పెరట్లో మొక్కకు నీళ్ళు పోసినట్టు. రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే చాలు, దమ్ము తగ్గడం మొదలవుతుంది. జూన్‌లో మానినవాడు నవంబరులో బడి పందేలకు పోయి ఆయాసపడితే ఆశ్చర్యమేముంది?

మా ఊరి జాలరులను చూడండి. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలతో సముద్రంలో వేట నిషేధం. అంటే వాళ్ళకు వేట మళ్ళీ మొదలయ్యే రోజూ, వాన మొదలయ్యే రోజూ దాదాపు ఒకటే! వాన వెలిశాక వెళదామనుకుంటే వాళ్ళ ఇంట పొయ్యి వెలగదు. రైతు సంగతీ అంతే. ఏరువాక సాగేది వానతోనే. ఊడ్పుల నాడు మోకాలిలోతు నీళ్ళలో, నెత్తిన వాన పడుతుండగా పొద్దుపోయేదాకా వంగి నాట్లు వేసే ఆడవాళ్ళను మీరు చూసే వుంటారు.

మనుషుల మాట అట్లా వుంచండి. పులస చేప పేరు విననివాళ్ళు గోదావరి జిల్లాల్లో వుండరు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత కూడా వుంది. (పుస్తెలు అమ్మమని నేను చెప్పడం లేదు!) సముద్రంలో వున్నప్పుడు దీన్నే విలస అంటారు. ఎక్కడో పైన వానలు పడి గోదావరికి ఎర్రనీరు రాగానే ఈ చేప సముద్రం విడిచి, మా యానాం దగ్గర నదిలో ప్రవేశించి, వరదకు ఎదురీదుకుంటూ పైకి పోతుంది. మంచినీటిలో గుడ్లు పెట్టడానికి ఈ ప్రయాణం. మిగతా కాలంలో గోదావరి ఎంత నిమ్మళంగా వున్నా అది కదలదు. వరద వచ్చినప్పుడే బయలుదేరుతుంది. మనకు అడ్డంకి అనిపించేదే దానికి పిలుపు అన్నమాట! ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

రెండో వాదన, "ఒళ్ళంతా తడుస్తుంది." నిజమే, తడుస్తుంది. ఎంత తడుస్తుంది?

మీ ఇంటికి 200 మీటర్ల దూరాన వుండగా నిలువు వాన పట్టుకున్నదనుకోండి. సెకనుకు ఒకటిన్నర మీటరు చొప్పున నడిస్తే ఇల్లు చేరడానికి రెండు నిమిషాల 13 సెకన్లు పడుతుంది. సెకనుకు 4 మీటర్ల చొప్పున పరుగెత్తితే 50 సెకన్లు చాలు. నెత్తిమీదా భుజాలమీదా పడే నీళ్ళు, వానలో ఎంతసేపు వుంటే అంత. ఇక ఛాతీకి ఎదురుగా తగిలే నీళ్ళున్నాయే, అవి వేగాన్ని బట్టి మారవు. మీకూ ఇంటికీ మధ్య గాలిలో వున్న చినుకులను మీరు ఎట్లా పోయినా తాకవలసిందే. కాబట్టి పరుగెత్తినవాడే తక్కువ తడుస్తాడు.

కాని సాధనకు పోయేవాడు అరగంట వానలోనే వుంటాడు, అతనికి ఈ లెక్క పనికిరాదని మీరనవచ్చు. మంచి ప్రశ్న. అతనికి ఇంకో లెక్క వుంది. బనీను కొంత నీటినే పీల్చుకోగలదు, ఆపైన పడింది కారిపోతుంది. తడవడానికి ఒక హద్దు వుంది. మొదటి అయిదు నిమిషాల్లో ఆ హద్దు చేరుకుంటారు. ఆ తరువాత ఎంత వాన పడినా మీరు అంతకన్న తడవరు! మొదటి చినుకు వీపున పడినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది చూడండి, కష్టమంతా అక్కడే. మనం భయపడేది తడిసి వుండడానికి కాదు, తడవడం మొదలుపెట్టడానికి. గోదావరిలో స్నానానికి దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ వణికి, ఒక్క మునక వేశాక గంటసేపు పైకి రాని పిల్లలను రోజూ చూస్తాను.

చినుకుకు భయపడేవాళ్ళకు చినుకు సంగతి కొంచెం చెప్పాలి. రెండు కిలోమీటర్ల ఎత్తున వున్న మబ్బు నుంచి చినుకు గాలి అడ్డమన్నది లేకుండా పడితే నేలను చేరేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 200 మీటర్లు వుండాలి. అప్పుడు అది చినుకు కాదు, తుపాకి గుండే! కాని గాలి దాన్ని అడ్డగిస్తుంది. అందుచేత అర మిల్లీమీటరు తుంపర సెకనుకు రెండు మీటర్ల వేగంతో, అయిదు మిల్లీమీటర్ల పెద్ద చినుకు 9 మీటర్ల వేగంతో మాత్రమే పడతాయి. బొమ్మల్లో గీసినట్టు చినుకుకు పైన తోక వుండదు. చిన్న చినుకు గుండ్రంగా వుంటుంది. పెద్ద చినుకు కింద గాలి నొక్కడం వల్ల అడుగు చదునై, సగానికి కోసిన బన్నులాగా వుంటుంది. అయిదారు మిల్లీమీటర్లు మించితే గాలి దెబ్బకు పగిలిపోతుంది.

అమెరికాలో విల్సన్ బెంట్లీ అనే రైతు వుండేవాడు. ఆయన చినుకులు కొలిచిన పద్ధతి మీరూ చెయ్యవచ్చు. పళ్ళెంలో అంగుళం మందాన మెత్తని పొడిపిండి పోసి, కొన్ని సెకన్లు వానలో పెట్టి లోపలికి తీశాడు. చినుకు పడినచోటల్లా పిండి చిన్న ఉండ కట్టింది. ఉండలు ఆరాక ఏరి కొలిచి, వాటిని బట్టి చినుకుల ప్రమాణం లెక్కగట్టి 1904లో ప్రకటించాడు. మీరు తెల్లవారగానే పిండి పళ్ళెం పట్టుకుని వసారాలోకి వెళ్ళి చూడండి. పిండి అమ్మను అడిగి తీసుకోండి సుమా! ఈ పనిలో మరో లాభం కూడా వుంది. పళ్ళెంతో వసారాలోకి వచ్చినవాడు దుప్పటి విడిచి అప్పుడే సగం దూరం వచ్చేసినట్టే గదా.

వానలో పరుగెత్తడం ఒక విధంగా హాయి కూడాను. పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పరుగుగా మారుతుంది. మిగతా మూడు వంతులూ వేడి అయిపోతాయి. ఆ వేడి పోవడానికే చెమట పోస్తుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంటినుంచి దాదాపు 580 కాలరీల వేడి తీసుకుపోతుంది. అయితే మా కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆవిరి కాకుండా ధారలుగా కారిపోతుంది. కారిపోయిన చెమట వల్ల చల్లదనం లేదు, బనీను ఉతుక్కునే పని తప్ప. మే నెలలో మా ఊళ్ళో పరుగెత్తి చూసినవాడికి ఇది తెలుస్తుంది. వానలో ఆ లోటును చినుకులు తీరుస్తాయి. ఒక్కొక్క చినుకు తీసుకుపోయే వేడి కొంచెమే. కాని చినుకులకు కరువు లేదు!

ఇక జలుబు. దీని విషయంలో అమ్మలదీ వైద్యులదీ చాలాకాలంగా తగవు. జలుబు తెచ్చేది వాన కాదు, వైరస్ అనే సూక్ష్మజీవి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా వున్నాయి. అవి ఒకరి ముక్కు నుంచి మరొకరి ముక్కుకు, చేతుల ద్వారానూ తుమ్ముల ద్వారానూ చేరుతాయి. ఇంగ్లండులో సాల్స్‌బరీ అనే ఊరి దగ్గర జలుబును పరిశోధించడానికే 1946లో ఒక కేంద్రం పెట్టారు. ఒప్పుకున్న మనుషులను అక్కడ స్నానం చేయించి, తడి బట్టలతో గాలి కొట్టే నడవలో నిలబెట్టి చూశారు. వాళ్ళకు మిగతావాళ్ళకన్న ఎక్కువ జలుబు రాలేదు.

అమ్మ ఓడిపోయిందని తొందరపడకండి. 2005లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం వారు ఇంకొక పరీక్ష చేశారు. 90 మంది చేత 20 నిమిషాలపాటు చన్నీళ్ళలో పాదాలు పెట్టించారు. మరో 90 మంది చేత ఖాళీ తొట్టెలో పెట్టించారు. నాలుగైదు రోజుల్లో మొదటి గుంపులో 13 మంది జలుబు చేసిందన్నారు. రెండో గుంపులో 5 గురే అన్నారు. అప్పటికే ముక్కులో దాగివున్న వైరస్, పాదాలు చల్లబడినప్పుడు విజృంభిస్తుందేమోనని వారి ఊహ. కాబట్టి న్యాయంగా తీర్పు చెప్పాలంటే, పరుగెత్తేటంతసేపూ ఒళ్ళు తనంతట తానే వేడి పుట్టించుకుంటుంది గనక భయం లేదు. ఆగిన తరువాతనే జాగ్రత్త పడాలి. అరుగుమీద తడి బట్టలతో కూచుని కబుర్లు చెప్పకూడదు. వెంటనే తల తుడుచుకోవాలి, పొడిబట్టలు కట్టుకోవాలి, పాదాలు ఆరబెట్టుకోవాలి. అప్పుడు అమ్మకు కోపం రావడానికీ కారణం వుండదు.

వాదనలన్నీ విన్నాం. అయినా రేపు అయిదు గంటలకు ప్లీడరు మళ్ళీ లేస్తాడు. అప్పుడు ఈ కాలరీలూ మిల్లీమీటర్లూ ఏవీ మీకు గుర్తురావు. మరి ఏం చెయ్యాలి?

నేను పనిచేసిన ఒక బడిలో జాలరుల ఇంటి పిల్ల ఒకతె వుండేది. 800 మీటర్లు పరుగెత్తేది. శ్రావణ మాసం ముసురులో మిగతా పిల్లలందరూ సాధన మానేస్తే ఈ పిల్ల మానలేదు. ఆమెకు మనోబలం ఎక్కువ కాబోలు అనుకుని ఒకనాడు అడిగాను, "ఇంత వానలో ఎట్లా లేస్తున్నావమ్మా?" అని.

"నేను పరుగు కోసం లేవనండి" అన్నది.

"మరి?"

"నాన్నకి కారియర్ ఇవ్వాలండి. నాలుగున్నరకల్లా రేవులో వుండాలి, లేకపోతే పడవ వెళ్ళిపోద్దండి. ఎళ్ళేప్పుడే తడిసిపోతాను గదండీ. ఇంక తిరిగొచ్చేప్పుడు నడిస్తే ఏంటండి, పరిగెడితే ఏంటండి? గట్టు మీద పరిగెత్తుకుంటా వచ్చేత్తానండి, ఆయ్!"

ఆ జవాబు విని నాకు చాలా సంతోషం కలిగింది. ఆ పిల్లకు బయటికి రావడమన్నది తేల్చుకోవలసిన విషయమే కాదు. అది కారియర్ తేల్చేసింది. పరుగు దాని వెనకాలే వచ్చేది. ఆ ఏడు నవంబరులో పందేలు జరిగిన మైదానంలో మలుపు దగ్గర పెద్ద నీటిమడుగు నిలిచి వుంది. చాలామంది దాని దగ్గరకు రాగానే వేగం తగ్గించి చుట్టు తిరిగిపోయారు. ఈ పిల్ల మటుకు నీళ్ళు చిమ్ముకుంటూ మధ్యనుంచే పోయింది. ఆమెకు రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి పొందిన పిల్ల మరీ వేగం గలది. మడుగులేమీ ఆమెకు అడ్డం కాలేదు!

పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1999లో ప్రకటించిన ఒక వ్యాసంలో ఇట్లాంటి సంగతే వివరించాడు. "నేను రోజూ పరుగెత్తాలి" అని ఊరికే అనుకున్నవాళ్ళ కన్న, "ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను" అని ముందే ముడిపెట్టుకున్నవాళ్ళు ఎక్కువగా పని సాధిస్తారట. ముడి పడ్డాక ఆ క్షణంలో ఆలోచించే పని వుండదు. ఆలోచన లేనిచోట ప్లీడరుకు కక్షిదారుడే లేడు! మీరూ ముందు రాత్రి ఒక ముడి వేసుకోండి: "చూరునీళ్ళ చప్పుడు వినపడగానే పక్క చుట్టేసి బూట్లు తొడుక్కుంటాను." వాన చప్పుడు విని పడుకోవడం కాదు, వాన చప్పుడు విని లేవడం. పులస చేసే పని ఇదే. పక్కింటి స్నేహితుడితో వీధి మలుపులో కలుసుకుంటానని చెప్పి వుంచితే ముడి ఇంకా బిగుస్తుంది. తానొక్కడే తడుస్తూ నిలబడిన స్నేహితుడు బడిలో ఊరుకుంటాడా?

పేరు పొందినవాళ్ళకు కూడా వాన తప్పలేదు. మన విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి పేరు మీకు తెలుసు గదా. తండ్రి కాపలా ఉద్యోగి, తల్లి ఇళ్ళలో పనిచేసేది. ఆమె పందెం 100 మీటర్ల హర్డిల్స్. దారిలో పది అడ్డుకర్రలు, ఒక్కొక్కటి దాదాపు 84 సెంటీమీటర్ల ఎత్తు. పొడినేల మీదనే ఒక అడుగు తప్పితే పందెం పోతుంది, తడినేల మీద చెప్పాలా? 2023 జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా పోటీలు జరిగినప్పుడు బాట తడిసి వున్నది. 13.09 సెకన్లలో జ్యోతి బంగారు పతకం గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పందెంలో దిగింది. మన దేశం తరఫున అంతకుముందు ఎవరూ ఒలింపిక్స్‌లో ఆ పందెం పరుగెత్తలేదు. మళ్ళీ 2025 మే 29న దక్షిణ కొరియాలోని గుమి నగరంలో ఆసియా పోటీలు. పెద్ద వాన వచ్చి పందేలు ఆగిపోయాయి, చూడవచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఎప్పుడు పిలుస్తారో తెలియక కాచుకుని వుండడం పరుగు కన్న కష్టం. చివరకు పందెం జరిగింది. ఆమె 12.96 సెకన్లలో ముగించి ఆ పోటీల రికార్డు తిరగరాసింది. ఖాళీ ఆసనాల ముందు మన జాతీయ గీతం వినిపిస్తుంటే ఆమె కళ్ళు చెమర్చాయి.

2018 ఏప్రిల్ 16న అమెరికాలోని బోస్టన్‌లో మారథాన్ జరిగింది. అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. ఆనాడు కుండపోత వాన, ఎదురుగాలి, ఎముకలు కొరికే చలి. పేరు మోసిన వీరులు ఎందరో మధ్యలోనే ఆగిపోయారు. మగవారిలో గెలిచిందెవరో తెలుసా? జపానులో ఒక ప్రభుత్వ హైస్కూలు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో పరుగెత్తే యూకీ కవౌచీ! ఆడవారిలో డెజిరే లిండెన్ కథ ఇంకా విచిత్రం. పందెం మొదట్లోనే ఆమెకు ఒంట్లో ఓపిక లేదనిపించింది. పక్కన పరుగెత్తుతున్న షలేన్ ఫ్లానగన్‌తో, "నేను ఇవాళ మానేస్తానేమో. ఈలోగా నీకేమన్నా సాయం కావాలంటే చెప్పు" అన్నది. ఫ్లానగన్ మధ్యలో ఆగవలసి వస్తే ఆమె కోసం వేగం తగ్గించి, మళ్ళీ గుంపును కలుసుకునేందుకు తోడుగా పరుగెత్తింది. ఇట్లా ఇంకొకరి పని చూస్తూ చూస్తూ మానేసే సంగతి మరిచిపోయి పందెమే గెలిచింది! అమెరికా స్త్రీ అక్కడ గెలవడం 33 ఏళ్ళ తరువాత అదే మొదలు.

ఈ కథలు విని, ఉరుములు ఉరుముతుండగా గట్టుమీదికి పరుగెత్తకండి. ఏ వానకు ఆగాలో ఇప్పుడు చెబుతాను. ఇది మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి.

మెరుపు కనబడగానే ఒకటి, రెండు అని సెకన్లు లెక్కపెట్టండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనక మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లెక్కపెట్టకముందే ఉరుము వినపడితే మబ్బు పది కిలోమీటర్ల లోపల వున్నదన్నమాట. ఇక పిడుగు మీ దగ్గర పడవచ్చు. అప్పుడు పక్కా ఇంట్లోకి పోవాలి. ఆఖరి ఉరుము వినపడ్డాక కూడా అరగంట ఆగాలి. మా వైపు అంతా కొబ్బరితోటలు. వాన రాగానే చెట్టుకింద చేరడం అందరికీ అలవాటు. కాని ఎత్తయిన కొబ్బరిచెట్టే పిడుగుకు దగ్గర దారి. ఖాళీగా వున్న నదిగట్టు మీద మీరొక్కరే నిలబడితే మీరే ఆ చెట్టు! ఇక్కడ మనసులోని ప్లీడరు "వద్దు" అంటే అతని మాట వినండి.

తుఫాను సంగతి చెప్పనే అక్కర్లేదు. వేటకు వెళ్ళే జాలరి తుంపరను లెక్కచెయ్యడు గాని, కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగిరిందంటే వల మడిచి ఇంట్లో పెడతాడు. మా పక్కనున్న కోరంగిని 1789లో తుఫాను ఉప్పెన ముంచేసింది. సముద్రం మూడు పెద్ద అలలుగా ఊరి మీద పడిందట. ఆ సంగతి రాసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయనే, చుట్ట చుట్టుకున్న పాములాగా గాలి తిరుగుతుందని, గ్రీకు మాటనుంచి "సైక్లోన్" అనే పేరు కల్పించాడు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో యానాం, కోనసీమ ప్రాంతాలు అతలాకుతలమై వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా వయసువారికి ఆ పేరెత్తితే ఇప్పటికీ మాట పెగలదు. వాతావరణశాఖ వారు ఎరుపు హెచ్చరిక ఇచ్చిన రోజున ఇంట్లోనే వుండాలి.

వరద ఇంకో రకం. మా దగ్గర చుక్క వాన లేకపోయినా ఎక్కడో పైన కురిసిన వాన గోదావరిని పొంగిస్తుంది. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 1986 ఆగస్టులో అక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటి, యానాం వీధుల్లో నీళ్ళు నిలిచాయి. అట్లాంటప్పుడు గట్టు మీద పరుగు పనికిరాదు. నానిన గట్టు ఎక్కడ జారుతుందో తెలియదు. పైగా నీళ్ళకు పుట్టలు మునిగి పాములన్నీ గట్టెక్కుతాయి. నిలిచిన నీళ్ళలో గుంట ఏదో, మురుగుకాలవ ఏదో, తెగిపడ్డ కరెంటు తీగ ఏదో కనబడదు. కాలికి చిన్న గాయం వున్నా ఎలుక మూత్రం కలిసిన ఆ నీళ్ళవల్ల ఎలుక జ్వరం రావచ్చు. ఈ రోజుల్లో వసారాలో తాడాట ఆడండి. మెట్లు ఎక్కి దిగండి. మా ఊళ్ళో అయితే ఇండోర్ స్టేడియం వుంది.

మిగతా రోజులన్నీ, అంటే ఉరుము లేని ముసురూ, తుంపరా, మామూలు జల్లూ, మీవే. డెల్టా నేలంతా బంకమట్టి. తడిస్తే బూటుకు పట్టి కాలు బరువెక్కిస్తుంది. కాబట్టి ఆ నెలల్లో సిమెంటు బాట మీదో, తారురోడ్డు అంచునో, బళ్ళు తక్కువ తిరిగే చోటో చూసుకోండి. అడుగులు చిన్నవిగా వెయ్యండి. మలుపులో వేగం తగ్గించండి. నాచు పట్టిన రేవు మెట్ల జోలికి అసలే పోకండి. లారీవాడికి వానలో మీరు కనబడరు గనక తెల్లనివో పచ్చనివో బట్టలు వేసుకోండి. రోడ్డుకు కుడిపక్కన, వచ్చే బళ్ళకు ఎదురుగా పరుగెత్తండి.

ఇక మిగిలింది బూట్లు ఆరవన్న వాదన. దీనికి మందు చాలా తేలిక. ఇంటికి రాగానే బూట్ల లోపలి అట్టలు తీసి విడిగా పెట్టండి. పాత దినపత్రిక కాగితాలు ఉండలు చుట్టి బూట్లలోకి కుక్కండి. గంటకోసారి తడిసిన కాగితం తీసి పొడిది పెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టవద్దు, జిగురు ఊడిపోతుంది. సాయంత్రానికి చాలావరకు ఆరతాయి. కాగితాలు చాలకపోతే పక్కింటివారిని అడగండి గాని ఈ పత్రిక మటుకు కుక్కకండి. మీ చెల్లెలు ఇంకా కథలు చదవలేదు.